అమ్మ ఉండగానే అడగండి

ప్రశ్న: మా తమ్ముడు జైల్లో ఉన్నాడు. శిక్ష పడి రెండేళ్లు దాటింది, ఇంకా మూడేళ్లు ఉంది. అమ్మకు క్యాన్సర్. ఇక వైద్యం వల్ల లాభం లేదు, నొప్పి తెలియకుండా చూడటమే మిగిలిందని డాక్టర్లు చెప్పేశారు. నెలలు కాదు, వారాలేనట. అమ్మ రోజూ వాడినే తలుచుకుంటోంది. ఇప్పుడే అడిగితే ఉన్న ఒక్క అవకాశం అయిపోతుంది, అంత్యక్రియలకు అడుగుదాం, అప్పుడెవరూ కాదనరు అని అన్నయ్య అంటున్నాడు. బేడీలు వేసి పోలీసులు వాణ్ని ఆస్పత్రిలో నడిపిస్తే అందరి ముందూ పరువు పోతుందని కూడా ఆయన బాధ. తమ్ముడికి మేం అసలు సంగతి చెప్పలేదు. ములాఖత్‌కి వెళ్లినప్పుడల్లా ‘బాగానే ఉంది, కాస్త నీరసం’ అని చెప్పి వచ్చేస్తున్నాం. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక అక్క

సమాధానం: ఈ వారమే దరఖాస్తు పెట్టండి. వీలైతే రేపే. ఖైదీల కుటుంబాల తరఫున ఇలాంటి దరఖాస్తులు రాసే పని చాలాకాలం చేసినవాడిగా చెబుతున్నాను, అంత్యక్రియల దాకా ఆగుదామనే ఆలోచన మంచిది కాదు. ఎందుకో చెబుతాను. మీ అన్నయ్యకు కూడా ఇది చదివి వినిపించండి.

ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు. కొన్ని చోట్ల రెండుసార్లు పంపరు. మంచం మీద ఉన్నప్పుడు చూస్తావా, అంత్యక్రియలకు వెళ్తావా, ఏదో ఒకటి తేల్చుకోమంటారు. మీ తమ్ముడున్న జైల్లో అలాంటి నియమం ఉందేమో ముందు అడిగి తెలుసుకోండి. ఉన్నా నా సలహా మారదు. అమ్మ తననే తలుచుకుంటోందని మీరే రాశారు. అంత్యక్రియల నాటికి ఆ తలుచుకునే మనిషి ఉండదు కదా.

మనసు సంగతి అలా ఉంచి, ఒట్టి ఆఫీసు లెక్కన చూసినా ఇదే సరైనది. మనిషి పోయాక మన చేతిలో మిగిలేవి గంటలు. ఆ గంటల్లోనే చనిపోయినట్టు ఆస్పత్రి కాగితం ఇవ్వాలి, అది జైలుకు చేరాలి, సంతకం పెట్టాల్సిన అధికారి అందుబాటులో ఉండాలి, ఎస్కార్ట్‌కి (వెంట కాపలాగా వచ్చేందుకు) మనుషులు, బండి దొరకాలి. శనివారం రాత్రి పోతే సోమవారం పొద్దున దాకా ఫైలు కదలకపోవచ్చు. ‘మావాణ్ని పంపలేదండీ’ అని కుటుంబాలు చెప్పుకునే చాలా సందర్భాల్లో నిజానికి కాదన్నవాళ్లు ఎవరూ ఉండరు. అవుననేలోపు అన్నీ అయిపోయి ఉంటాయి.

ఇంకో సంగతి బయటివాళ్లకు తట్టదు. ఖైదీని బయటికి పంపేటప్పుడు అధికారి మొదట ఆలోచించేది తప్పించుకుపోతాడా, ఎవరైనా దాడి చేస్తారా అని. అంత్యక్రియలు ఎక్కడో, ఎన్ని గంటలకో అందరికీ తెలిసిపోతుంది. జనం గుమిగూడతారు, ఎవరెవరు వస్తారో చెప్పలేం. ఆస్పత్రి గది అలా కాదు. దానికి ఒకటే తలుపు. లోపల ఎవరుండాలో ముందే రాసుకోవచ్చు, తీసుకొచ్చే సమయం ఎవరికీ చెప్పకుండా ఉంచవచ్చు. భద్రత చూసేవాడి కళ్లతో చూస్తే అంత్యక్రియల కన్నా మంచం దగ్గరికి పంపడమే తేలిక. మీ అన్నయ్య అంచనా సరిగ్గా దీనికి తలకిందులు.

మీకున్న ఆధారం ఏమిటో చెబుతాను. ఖైదీల విషయంలో ప్రపంచ దేశాలన్నీ పాటించాల్సిన కనీస ప్రమాణాలను ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2015 డిసెంబరులో సవరించి ఆమోదించింది. వాటిని నెల్సన్ మండేలా నియమాలు అంటారు. అందులో 70వ నియమం మీ కోసమే రాసినట్టు ఉంటుంది. దగ్గరి బంధువుకు తీవ్రమైన జబ్బు చేసినా, చనిపోయినా ఆ సంగతి ఖైదీకి వెంటనే చెప్పాలి. పరిస్థితులు అనుకూలించినప్పుడల్లా, ఒంటరిగా గానీ ఎస్కార్ట్‌తో గానీ, ప్రాణాపాయంలో ఉన్న మనిషి మంచం దగ్గరికి లేదా అంత్యక్రియలకు వెళ్లడానికి అనుమతించాలి. ఇది అందులోని సారం. ఈ ప్రమాణాలను మొదటిసారి 1955లో రాసినప్పుడు మంచం దగ్గరికి పంపడం గురించి మాత్రమే ఉంది, అంత్యక్రియల మాట 2015లో చేరింది. అంటే 1955లో రాసినవాళ్లకు కూడా ముందు తోచింది బతికున్న మనిషే.

ఈ నియమాలకు మండేలా పేరు పెట్టడంలో ఓ చేదు నిజం ఉంది. ఆయన 27 ఏళ్లు జైల్లో గడిపారు. రాబెన్ ద్వీపం జైల్లో ఉండగా 1968లో తల్లి పోయింది, మరుసటి ఏడాది పెద్ద కొడుకు కారు ప్రమాదంలో చనిపోయాడు. రెండు అంత్యక్రియల్లో ఒక్కదానికీ ఆయన్ని పంపలేదు.

అయితే 70వ నియమాన్ని పట్టుకుని ‘ఇది మా హక్కు, పంపి తీరాలి’ అని దబాయించకండి. అది చట్టం కాదు, ప్రమాణం. ఖైదీకి సంగతి చెప్పి తీరాలన్న చోట గట్టిగా ఉండి, బయటికి పంపే చోట ‘పరిస్థితులు అనుకూలిస్తే’ అని కాస్త సడలించారు. దాదాపు ఏ దేశంలోనైనా ఇది అధికారి విచక్షణే. విచక్షణ అంటే ఇష్టారాజ్యం మాత్రం కాదు. పోలాండ్‌లో దొంగతనం కేసులో విచారణలో ఉన్న ఒకతనికి 1994లో నెల తిరక్కుండా తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ కాదన్నారు, వదిలితే తిరిగి రాడేమోనని. యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2002లో ఆ నిర్ణయాన్ని తప్పుపట్టింది. ఖైదీకి బయటికి వెళ్లే హక్కు బేషరతుగా ఉందని కోర్టు చెప్పలేదు. తిరిగి రాడన్న భయం ఉంటే ఎస్కార్ట్‌తో పంపవచ్చు కదా, ఆ దారి ఎందుకు చూడలేదని అడిగింది. ఆ కోర్టు తీర్పు మీ దేశంలో చెల్లకపోవచ్చు, ఆ ప్రశ్న మాత్రం ఎక్కడైనా అడగవచ్చు. మీ దరఖాస్తుకు వెన్నెముక అదే.

ఇక ఎవరికి పెట్టాలి అన్నది. మీ తమ్ముడికి శిక్ష పడిపోయింది కాబట్టి దరఖాస్తు సాధారణంగా జైలు సూపరింటెండెంటు ద్వారా వెళుతుంది. ఆయనే నిర్ణయించే చోట్లు ఉన్నాయి, పైనున్న శాఖకో ప్రభుత్వానికో పంపాల్సిన చోట్లూ ఉన్నాయి. పెరోల్ అంటారో, సెలవంటారో, తాత్కాలిక లైసెన్సు అంటారో, పేరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పేరు తప్పు రాశామని బెంగపడకండి, ‘చావుబతుకుల్లో ఉన్న తల్లిని చూడటానికి అనుమతి’ అని మొదటి వాక్యంలో ఉంటే చాలు. అప్పీలు ఇంకా నడుస్తుంటే లాయరు ద్వారా కోర్టులోనూ అడగవచ్చు. ఇది చదువుతున్న వేరే ఎవరి ఇంట్లోనైనా మనిషి ఇంకా రిమాండ్‌లోనే ఉంటే, మీరు వెళ్లాల్సింది ఆ కేసు నడుస్తున్న కోర్టుకు. జైలు ఆఫీసు చుట్టూ తిరిగి రోజులు పోగొట్టుకోకండి.

ఇందులో అసలైన చిక్కు ఒకటుంది. చాలా చోట్ల దరఖాస్తు ఖైదీయే పెట్టాలి, లేదా దాని మీద అతని సంతకమైనా ఉండాలి. అమ్మకు నీరసం తప్ప ఏమీ లేదనుకుంటున్నవాడు ఏమని రాస్తాడు? మీరు తమ్ముడి మీద ప్రేమతో దాస్తున్నారని తెలుసు. కానీ ఆ దాపరికం ఇప్పుడు అతని దారికే అడ్డం పడుతోంది. కాబట్టి ముందు చెప్పాలి. ఎలా చెప్పాలో కాసేపట్లో రాస్తాను, ముందు కాగితాల సంగతి చూద్దాం. వాటికి సమయం పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది డాక్టరు ఉత్తరం. ‘పేషెంటు క్యాన్సర్‌తో బాధపడుతున్నారు, చికిత్సలో ఉన్నారు’ అని రెండు వరుసలు రాసిస్తారు చూడండి, అది పనికిరాదు. జైలు అధికారి రోజూ అలాంటివి చూస్తాడు. ఉత్తరంలో జబ్బు పేరు, అది ఏ దశలో ఉందో, నయం చేసే వైద్యం ఆపేశారన్న మాట, డాక్టరు అంచనాలో ఎంతకాలం బతకవచ్చో ఉండాలి. ‘వారాల్లో’ అని నోటితో చెప్పిన మాటే కాగితం మీదా పెట్టమనండి. డాక్టర్లు తేదీలు రాయడానికి వెనకాడతారు, అది సహజం. ‘కచ్చితంగా చెప్పమనడం లేదు సార్, మీ అంచనా రాయండి, దీన్ని బట్టే మా తమ్ముణ్ని పంపుతారు’ అని వివరంగా చెబితే ఎక్కువమంది రాస్తారు. అమ్మకు ఇప్పుడు స్పృహ ఉందనీ, మాట్లాడగలుగుతోందనీ, అది ఎక్కువ రోజులు ఉండకపోవచ్చనీ ఒక వాక్యం తప్పకుండా రాయించండి. అత్యవసరం ఎందుకో ఆ ఒక్క వాక్యం చెబుతుంది. ఉత్తరం ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద, తేదీతో, డాక్టరు పేరూ సంతకంతో ఉండాలి. ఉత్తరం పాతబడితే మళ్లీ తెమ్మంటారు, అందుకని చేతికి వచ్చిన రోజే ఇచ్చేయండి.

ఎవరో ఒకరు ఇది నిజమా అని ఆరా తీస్తారు. ఆస్పత్రికి ఫోన్ చేస్తారు, ఇంటి దగ్గర విచారిస్తారు. దీన్ని అవమానంగా తీసుకోకండి. తల్లికి సీరియస్ అని అబద్ధం చెప్పి బయటపడినవాళ్లు ఉన్నారు కాబట్టే ఈ విచారణ. కాకపోతే దీని దగ్గరే బోలెడంత సమయం పోతుంది. ఆస్పత్రి రిసెప్షన్ నంబరు ఇస్తే ఎవరూ ఎత్తరు, ఎత్తినా ‘పేషెంటు వివరాలు చెప్పం’ అంటారు. వార్డులో ఎవరు మాట్లాడతారో ముందే అడిగి, జైలు నుంచి ఫోన్ వస్తుందని వాళ్లకు చెప్పి, ఆ మనిషి పేరు, నంబరు దరఖాస్తులో రాయండి. అమ్మకూ తమ్ముడికీ ఉన్న సంబంధానికి రుజువు జతచేయండి. రెండు కాగితాల్లో అమ్మ పేరు రెండు రకాలుగా ఉంటే, ఇద్దరూ ఒకరేనని ఓ ముక్క మీరే రాయండి. ఫైలు ఆగిపోయేది ఇలాంటి చిన్నవాటి దగ్గరే.

దరఖాస్తులో ఒక్కటే అడగకండి. మెట్లు మెట్లుగా అడగండి. కొన్ని రోజులు బయట ఉండే అనుమతి ఇవ్వమని మొదట అడగాలి. అది కుదరదంటే ఎస్కార్ట్‌తో కొన్ని గంటలకు ఆస్పత్రికి తీసుకెళ్లమని కోరాలి. అదీ వెంటనే తేలకపోతే, తేలే దాకా రోజూ వీడియో కాల్ ఇప్పించమని అడగాలి. మూడూ ఒకే కాగితంలో ఉండాలి. పెద్దది అడిగి, కాదనిపించుకుని, మళ్లీ చిన్నదానికి కొత్త దరఖాస్తు రాసే వ్యవధి మీకు లేదు. కాదనడానికి సిద్ధంగా ఉన్న అధికారికి కూడా, మధ్య మెట్టు కనబడితే అక్కడ ఆగడం తేలికవుతుంది.

జైలు ఆస్పత్రికి చాలా దూరమైతే ఇంకొకటి కూడా అడగండి: కొన్నాళ్లకు దగ్గరి జైలుకు మార్చమని. ఇది కొత్త ఆలోచనేం కాదు. 1934లో జవాహర్‌లాల్ నెహ్రూ జైల్లో ఉండగా భార్య కమలకు జబ్బు ముదిరింది. ఆగస్టులో ఆయన్ని 11 రోజులు వదిలి మళ్లీ లోపల వేశారు. తర్వాత ఆమె ఉన్న భువాలీ శానిటోరియానికి (క్షయ రోగుల ఆస్పత్రికి) దగ్గరగా ఉంటుందని నైనీ జైలు నుంచి అల్మోరా జైలుకు మార్చారు. అప్పుడప్పుడు వెళ్లి చూసి వచ్చేవారు. రాజకీయాల జోలికి రానని మాటిస్తే పూర్తిగా వదిలేస్తామన్న బేరం వస్తే, అలాంటి మాట ఇవ్వొద్దని కమలే చెప్పారు. నెహ్రూ అంతటివాడి మాట వేరు అంటారా? నిజమే, వేరే. కానీ బ్రిటిష్ ప్రభుత్వం తన ప్రధాన ప్రత్యర్థుల్లో ఒకరి విషయంలో వెతకగలిగిన దారిని మామూలు ఖైదీ కోసం వెతకమని అడగడం అత్యాశ కాదు.

దరఖాస్తును పోస్టులో పంపకండి. చేతికిచ్చి, అందినట్టు ముద్రో సంతకమో తీసుకోండి. జైల్లో వెల్ఫేర్ ఆఫీసరు ఉంటే ఒక ప్రతి ఆయనకూ ఇవ్వండి. ‘ఎవరి దగ్గరుంది, ఎప్పటికి తెలుస్తుంది’ అని రోజుకోసారి మర్యాదగా ఫోన్ చేయండి. రోజుకు పదిసార్లు చేస్తే మీ పేరు చూసి ఫోన్ ఎత్తడం మానేస్తారు. ఇంటి నుంచి ఒక్కరే మాట్లాడాలి, ఆ ఒక్కరు మీరైతే బాగుంటుంది. అన్నయ్య ఒకటి, మీరొకటి చెబితే వాళ్లకు అనుమానం వస్తుంది.

ఖర్చు గురించి కూడా ముందే అడగండి. కొన్ని చోట్ల ఎస్కార్ట్ ఖర్చు కుటుంబం మీద వేస్తారు. అమెరికా ఫెడరల్ జైళ్లలోనైతే ప్రయాణ ఖర్చులు ఖైదీ గానీ కుటుంబం గానీ ముందే కట్టాలి. లేనివాళ్లకు ఇది ఎంత అన్యాయమో చెప్పక్కర్లేదు. మీ దగ్గర అలాంటిది ఉంటే చివరి నిమిషంలో తెలియడం కన్నా ఇప్పుడే తెలియడం మేలు. కట్టలేకపోతే మినహాయించమని దరఖాస్తులోనే అడగవచ్చు.

ఇప్పుడు తమ్ముడికి చెప్పడం. తర్వాతి ములాఖత్‌లో మీరే చెప్పండి. వెళ్లేముందు సిబ్బందిలో ఎవరికైనా ‘ఈ రోజు ఇలాంటి కబురు చెప్పబోతున్నాం’ అని చెప్పి ఉంచండి. కాస్త ఎక్కువ సమయం ఇమ్మని, వీలైతే విడిగా కూర్చునే చోటు చూడమని అడగండి. చెప్పాల్సింది మొదటే చెప్పండి. ఆ కబురూ ఈ కబురూ మాట్లాడి, టైం అయిపోయిందని బెల్లు కొట్టే ముందు చెబితే అతను ఆ బరువుతో ఒక్కడే లోపలికి నడిచి వెళ్లాలి. మాట తిన్నగా ఉండాలి. ‘సీరియస్‌గా ఉంది’ అంటే తగ్గుతుందేమో అనుకుంటాడు. ‘అమ్మ ఇక ఎక్కువ రోజులు బతకదు. డాక్టర్లు వారాలే అన్నారు’ అనండి. ఇన్నాళ్లూ ఎందుకు దాచారో ఒక్క ముక్కలో చెప్పి క్షమించమనండి. కోప్పడితే పడనివ్వండి. ‘నిన్ను తప్పకుండా తీసుకెళ్తాం’ అని మాత్రం మాటివ్వకండి, అది మీ చేతుల్లో లేదు. ‘అడుగుతున్నాం, నీ సంతకం కావాలి’ అని చెప్పండి. ఆ క్షణంలో అతనికి చేయడానికి ఒక పని దొరకడం కూడా మంచిదే.

ఆ రాత్రి అతన్ని ఒక కంట కనిపెట్టమని సిబ్బందికి చెప్పండి. జైల్లో ఇలాంటి కబురు విన్నాక మనిషి ప్రాణం తీసుకునే ఆలోచనలోకి జారే ప్రమాదం ఉంటుంది, మంచి అధికారులకు ఇది తెలుసు. కొన్ని జైళ్లలో కనిపెట్టడమంటే ఏమీ లేని సెల్లులో ఒంటరిగా పెట్టడమని అర్థం చేసుకుంటారు. దుఃఖంలో ఉన్నవాడికి అంతకన్నా శిక్ష ఉండదు. తెలిసిన తోటి ఖైదీ ఎవరైనా ఉంటే అతని పక్కనే ఉంచమని అడగండి.

మీ ఉత్తరంలో నాకు కనబడనిది ఒకటుంది. అమ్మను ఎవరైనా అడిగారా? ఆవిడ చూడాలనుకుంటోంది సరే. కొడుకు పక్కన పోలీసు ఉంటాడు, చేతికి బేడీ ఉండొచ్చు, గంటో రెండు గంటలో ఉండి వెళ్లిపోతాడు అని ముందే చెప్పండి. కొందరు తల్లులు ఎలాగైనా సరే రమ్మంటారు. ఇంకొందరు తాము ఇలా చిక్కిపోయి ఉండగా కొడుకు చూడొద్దంటారు, ఫోన్‌లో గొంతు వింటే చాలంటారు. ఏదన్నా అది ఆవిడ నిర్ణయం, మీదీ కాదు, అన్నయ్యదీ కాదు. నొప్పి మందుల వల్ల రోజులో చాలాసేపు మగతగా ఉండి ఉంటుంది. ఏ వేళ కాస్త తెలివిగా ఉంటుందో నర్సులకు బాగా తెలుసు. ఆ వేళ కనుక్కుని దరఖాస్తులో రాయండి. నిద్రపోతున్న తల్లిని చూసి వెనక్కి వెళ్లిపోయిన కొడుకులున్నారు.

బేడీల మాటకొస్తే, అన్నయ్య భయాన్ని నేను తేలిగ్గా తీసేయను. అందరూ చూస్తుండగా అలా నడవడం అతనికీ నరకమే. దాన్ని తగ్గించుకునే దారులున్నాయి. అధికారికంగా బయటికి తీసుకెళ్లేటప్పుడు ఖైదీకి సొంత బట్టలో, కంటికి కొట్టొచ్చినట్టు కనబడని బట్టలో వేసుకోనివ్వాలని మండేలా నియమాల్లోనే ఉంది. జనం కంట వీలైనంత తక్కువ పడేలా తీసుకెళ్లాలనీ ఉంది. వేరే ఏ పద్ధతీ పనికిరాదన్నప్పుడే బంధించే సాధనాలు వాడాలి, మనిషిని కించపరిచే గొలుసులూ ఇనుప సంకెళ్లూ అసలే కూడదు. ఇవి దరఖాస్తులో విన్నపంగా రాయండి: సొంత బట్టలు, సిబ్బంది మామూలు దుస్తుల్లో రావడం, ఆస్పత్రి పక్క ద్వారం నుంచి తీసుకురావడం, గదిలోకి వచ్చాక ఒక చెయ్యైనా వదలడం. అన్నీ ఒప్పుకోకపోవచ్చు. ఒక్క చెయ్యి ఖాళీగా ఉంటే అమ్మ చెయ్యి పట్టుకోగలడు. పక్క ద్వారం సంగతి ఆస్పత్రివాళ్లతో మీరే మాట్లాడి, ‘ఏర్పాటు చేశాం’ అని జైలుకు చెప్పండి. సిద్ధంగా ఉన్న ఏర్పాటుకు ఒప్పుకోవడం వాళ్లకూ సులువు.

ఎలా తీసుకొస్తారో ముందే, వీలైతే రాతలో, చెప్పమనండి. పోలాండ్‌లోనే ఇంకో ఖైదీ ఉన్నాడు. కూతురు ఐసీయూలో ఉంటే చూడటానికి పంపలేదు. ఆ పిల్ల చనిపోయాక అంత్యక్రియలకు ఒప్పుకున్నారు గానీ ఎలా తీసుకెళతారో సకాలంలో స్పష్టంగా చెప్పలేదు. జైలు బట్టల్లో, గొలుసులతో తీసుకెళతారనుకుని ఆ తండ్రి వెళ్లడం మానుకున్నాడు. ఈ రెండు విషయాల్లోనూ తప్పు ప్రభుత్వానిదేనని అదే యూరోపియన్ కోర్టు 2011లో తేల్చింది. మీ తమ్ముడు ఊహించుకుని భయపడి రానని అనకుండా చూడండి.

అనుమతి వస్తే, తేదీ, సమయం ఇంట్లో అవసరమైనవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పకండి. వాట్సాప్ గ్రూపులో పెట్టారో, అది బయటికి పొక్కి ప్రయాణం రద్దయినా ఆశ్చర్యం లేదు. ఆ గదిలో అమ్మ, తమ్ముడు, మీ ఇద్దరిలో ఒకరు ఉంటే చాలు. పరామర్శలకు అది సమయం కాదు. ఫోన్, డబ్బు, ఇంకేదైనా అతని చేతిలో పెట్టాలని చూడకండి. ఫొటో తీసుకోవాలంటే సిబ్బందిని అడిగి తీసుకోండి. అతను చేసిన నేరం వల్ల బాధపడిన కుటుంబం అదే ఊళ్లో ఉంటే అధికారులు వాళ్ల సంగతి కూడా చూస్తారు. దారి మార్చడమో, సమయం తగ్గించడమో చేస్తే దాని మీద వాదన పెట్టుకోకండి. వాళ్లకూ ఓ గాయం ఉంది.

ఒకవేళ ఎస్కార్ట్ లేకుండా కొన్ని రోజులు వదిలితే, తిరిగి లొంగిపోవాల్సిన గంట దాటకూడదు. అమ్మ పరిస్థితి ఆ చివరి రోజే విషమిస్తే గడువు పెంచమని గడువు ముగియక ముందే అడగాలి. గడువు దాటాక ఎంత న్యాయమైన కారణం చెప్పినా అది పారిపోవడం కింద జమ కావచ్చు.

కాదంటే? కారణం రాతలో ఇమ్మనండి. భద్రత అన్నారా, మనుషులు లేరన్నారా, కాగితాలు చాలవన్నారా అన్నదాన్ని బట్టి తర్వాతి అడుగు ఉంటుంది. కాగితమే లోపమైతే ఆ రోజే తెచ్చివ్వండి. మనుషులు లేరంటే ఏ రోజు ఉంటారో అడగండి. భద్రత అంటే ఎస్కార్ట్‌తో ఎందుకు కుదరదో చెప్పమని పై అధికారికో కోర్టుకో వెళ్లాలి. దీనికి లాయరు కావాలి, స్తోమత లేకపోతే ఉచిత న్యాయ సహాయం కోసం అదే రోజు అడగండి. తల్లి ప్రాణం మీదికి వచ్చిందంటే చాలా కోర్టులు వరుస దాటించి వింటాయి.

ఈలోపు వీడియో కాల్ వదలకండి. కోవిడ్ తర్వాత చాలా జైళ్లలో ఆ ఏర్పాటు ఉంది. అమ్మ కళ్లు తెరవలేని స్థితికి వెళ్లినా ఫోన్ చెవి దగ్గర పెట్టి అతన్ని మాట్లాడనివ్వండి. వినబడుతోందా లేదా అని ఎవరూ తేల్చి చెప్పలేరు, కానీ వినబడుతోందనుకునే మాట్లాడమని ఇలాంటి రోగులను చూసుకునే నర్సులు చెబుతారు. అమ్మకు ఓపిక ఉన్నప్పుడు ఆవిడ మాటలు కొన్ని రికార్డు చేసి పెట్టండి. తర్వాత అతనికి అవి ఎంత విలువైనవో మీకు ఇప్పుడు తెలియదు.

ఒక విషయం ఇప్పుడే తేల్చుకోండి. అమ్మ పోయినప్పుడు, అది అర్ధరాత్రి అయినా సరే, జైలుకు ఎవరు ఫోన్ చేస్తారు? ఏ నంబరుకు? అవతల ఎవరు అతనికి చెబుతారు? అంత్యక్రియలకు పంపమని అడిగే దరఖాస్తు కూడా, తేదీ ఖాళీ ఉంచి, ముందే రాసి పెట్టుకోండి. అపశకునమని అన్నయ్య అనొచ్చు, అయినా రాయండి. పంపకపోతే వీడియోలో చూపించమని అడగండి.

ముందు వార్డులో డాక్టరు రౌండ్స్‌కి వచ్చే వేళ కనుక్కోండి. ఉత్తరంలో ఏమేం ఉండాలో ఒక చీటీ మీద రాసుకుని వెళ్లండి, ఆ గాభరాలో నోటికి రాదు. ములాఖత్ రోజు దాకా ఆగలేకపోతే, అత్యవసరంగా ఒక ములాఖత్ ఇప్పించమని ఈ రోజే జైలుకు ఫోన్ చేయండి.